ముందస్తు సమాచారం లేని భార్య

బొలిశెట్టి కామేశ్వర్రావుకి పెళ్ళయి పాతికేళ్ళు నిండబోతున్నాయి. ఈ పాతికేళ్ళలో భార్యని ఒక్కసారంటే ఒక్కసారి కూడా ఆశ్చర్యపరచలేకపోయాడు. ప్రయత్నించక కాదండోయ్. ఆవిడకి అన్నీ ముందే తెలిసిపోతాయి, అదీ చిక్కు.

ఆవిడ పేరు మంగతాయారు. పుట్టినరోజుకని ఈయన చీర కొని, బీరువా మీదున్న పాత సూట్‌కేసులో దుప్పట్ల అడుగున దాచిపెడితే, ఆ రోజు పొద్దున్నే ఆవిడ ఆ చీరే కట్టుకుని, ఫాల్ కూడా కుట్టించుకుని, "ఎలా ఉందండీ?" అంటూ ఎదురొచ్చింది. ఇంకోసారి చెప్పాపెట్టకుండా తాపేశ్వరం వెళ్ళి కాజాలు పట్టుకొస్తే, ఇంకా చెప్పులు విప్పకముందే లోపల్నుంచి "మడతకాజాలేనా, గొట్టం కాజాలు కూడా తెచ్చారా?" అని కేక. ప్రమోషన్ వచ్చిన రోజున ఆ మాట చెబుదామని రొప్పుకుంటూ ఇంటికొస్తే, అప్పటికే ఆవిడ వీధంతా పులిహోర పంచేసి గిన్నెలు తోముకుంటోంది. "ఎవరు చెప్పారే నీకు?" అంటే, "వారం నుంచీ మీ మొహం చెబుతూనే ఉందిగా" అంది.

కామేశ్వర్రావు పెద్ద కోరికలున్న మనిషి కాదు. ఏలూరులో రాష్ట్ర గోనెసంచుల నాణ్యతా మండలి వారి జిల్లా కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. ధాన్యం నింపే గోనెసంచీకి అంగుళానికెన్ని పోగులుండాలి, ఎంత చిరిగితే చిరుగు అనాలి, ఎంత చిరిగితే సంచే కాదనాలి, ఇవన్నీ తేల్చేది ఆ మండలే. పైవాళ్ళు ఏమన్నా "చిత్తమండి" అనడం అతని అలవాటు. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో "కాదండి" అన్న మాట అతని నోట విన్నవాళ్ళు లేరు. అలాంటివాడికి ఉన్నదల్లా ఒక్కటే కోరిక. తాయారు కళ్ళు పెద్దవి చేసుకుని, నోరు తెరిచి, "అరే!" అన్నట్టు చూడాలి. ఆ మొహం తను చూడాలి. చూశాక ఏమైపోయినా ఫర్వాలేదు.

అందుకని ఈసారి గట్టి పథకమే వేశాడు. చీరలతోనూ కాజాలతోనూ అయ్యే పని కాదు, ఏకంగా దేశమే దాటించెయ్యాలి. శ్రీలంక తీసుకెళ్ళాలి. శ్రీలంకే ఎందుకంటే, తాయారు చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారి రేడియోలో సిలోన్ స్టేషన్ పెట్టుకుని తెలుగు పాటలు వినేదట. పాట కోరినవాళ్ళ పేర్లు చదువుతారు కదా, అందులో తన పేరు కూడా రావాలని రెండేళ్ళపాటు కార్డులు రాసింది. ఒక్కసారీ రాలేదు. మన ఊళ్ళ మధ్య తిరిగే కార్డు సముద్రం దాటదని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు మరి. ఇప్పటికీ ఆ సంగతి తల్చుకుని, "ఆ ఊరెలా ఉంటుందో ఏమిటో" అంటూ ఉంటుంది. పాస్‌పోర్టులకీ చిక్కు లేదు. నాలుగేళ్ళ క్రితం మస్కట్‌లో ఉండే ఆవిడ చెల్లెలు రమ్మని పోరితే ఇద్దరికీ తీయించి, వెళ్ళకుండా ఊరుకున్నారు. పెళ్ళిరోజు డిసెంబరు పదకొండు. ఆ రోజు పొద్దున్నే ఆరింటికి విమానం. ఎవరిదో పెళ్ళికని చెప్పి విమానాశ్రయం దాకా తీసుకెళ్ళి, అక్కడ పాస్‌పోర్టు చేతిలో పెట్టి, ఎదురుగా నిలబడి మొహం చూడాలని అతని ఎత్తు.

అయితే మండలి ఉద్యోగి దేశం దాటాలంటే మండలి అనుమతి కావాలి. వెంట వచ్చే కుటుంబ సభ్యుల సమ్మతి పత్రం కూడా జతచెయ్యాలి. అక్కడ పడింది మెలిక.

"సమ్మతి పత్రం ఏదోయ్?" అన్నాడు జోగారావు. ఆయన కామేశ్వర్రావు సెక్షన్‌కి సూపరింటెండెంటు. మామూలు రోజుల్లో సూపరింటెండెంటు గానీ ఇప్పుడు పర్యవేక్షకుడు. ఎందుకంటే మండలిలో తెలుగు పక్షోత్సవాలు నడుస్తున్నాయి. పదిహేను రోజుల్లో అవ్వాల్సినవే, కానీ పక్షం ముగిసేనాటికి తెలుగులోకి మారాల్సిన ఫైళ్ళు ముగియలేదు కనుక మరో ఆరు పక్షాలు పొడిగించారు. ఫైల్లో ఒక్క ఆంగ్లపదం దొర్లినా వెనక్కి పంపుతారు. ఆఫీసు ఆవరణలో నోటితో అన్నా నోటీసే.

"అదే చిక్కండి," అన్నాడు కామేశ్వర్రావు గొంతు తగ్గించి. "ఆవిడకి తెలియకుండా తీసుకెళ్దామని. సర్‌ప్రైజండి."

జోగారావు చటుక్కున తలుపుకేసి చూశాడు. "కొంప ముంచేలా ఉన్నావే! ఆ మాట అనకు. తెలుగులో ఏడు."

"తెలుగులో... ఆశ్చర్యమండి."

"నీ ఇష్టమొచ్చిన తెలుగు కాదయ్యా, పదకోశంలో ఉన్న తెలుగు." జోగారావు సొరుగులోంచి మండలి వారి పదకోశం తీసి, వేలు తడి చేసుకుని పేజీలు తిప్పాడు. వెతగ్గా వెతగ్గా దొరికింది. సర్‌ప్రైజ్‌కి ఎదురుగా 'ఆకస్మిక' అని ఉంది. అంతకు చాలా పేజీల ముందు క్యాజువల్‌కి ఎదురుగా కూడా 'ఆకస్మిక' అనే ఉంది. "చూశావా, సెలవూ ఆకస్మికమే, యాత్రా ఆకస్మికమే. నీ దస్త్రం నూనె రాసినట్టు జారిపోతుంది, పో."

కామేశ్వర్రావు చిత్తమండి అని వెళ్ళి రాసుకొచ్చాడు. 'నా భార్య శ్రీమతి మంగతాయారుకు ముందస్తు సమాచారం లేకుండా శ్రీలంకకు ఆకస్మిక యాత్ర నిర్వహించదలచితిని గనుక, సమ్మతి పత్రం నుండి మినహాయింపు కోరుచున్నాను.'

మండలిలో 'ఆకస్మిక' అన్న మాట కనబడిన కాగితానికి రెండే దారులు. ఆ పక్కన 'సెలవు' అని ఉంటే సెలవుల విభాగానికి వెళ్తుంది. లేకపోతే ఆకస్మిక తనిఖీల విభాగానికి వెళ్తుంది. ఫైలు నిజంగానే నూనె రాసినట్టు జారి, తిన్నగా రెండో దాంట్లో పడింది.

ఆ విభాగాధిపతి పరాంకుశరావు. ఆయన గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. గోడౌన్ల మీద ఆకస్మిక తనిఖీకి వెళ్ళేముందు, తేదీ, గంట, భోజనంలోకి కావలసిన కూరల జాబితా పదిహేను రోజుల ముందే ఉత్తరం రాసి పంపే పద్ధతి ఆయనది. గోడౌన్ల వాళ్ళు మామిడి తోరణాలు కట్టి, కొత్త సంచులు పైన పేర్చి, ఆకస్మికంగా నిలబడి ఉండేవారు. పోయినేడాది ఎవరో గిట్టనివాడు హెడ్డాఫీసుకి ఫిర్యాదు చేశాడు. తాఖీదు వచ్చింది. అప్పట్నుంచీ ఆయన పద్ధతి మార్చేశాడు. ఉత్తరం రాయడం మానలేదు. ఆ ఉత్తరంతోపాటు ఒక నమూనా పత్రం కూడా పంపుతున్నాడు. 'ఫలానా తేదీన జరగబోవు తనిఖీ గురించి నాకు ముందస్తు సమాచారం ఏమాత్రం లేదు' అని గోడౌను యజమాని సంతకం చేసి తిప్పి పంపితేనే తనిఖీ. ఈ ఏర్పాటు చూసి హెడ్డాఫీసువాళ్ళు ముచ్చటపడి మెచ్చుకోలు లేఖ కూడా ఇచ్చారు.

కామేశ్వర్రావుని పిలిపించాడు.

"ఈ శ్రీలంక ఏ మండలంలోకి వస్తుందయ్యా? కొల్లేరు లంకా, గోదావరి లంకా?"

"ఈ లంక సముద్రంలో ఉందండి. వేరే దేశమండి."

"ఏ దేశంలోనైనా సంచి సంచే. ఎన్ని గిడ్డంగులు చూడబోతున్నావు?"

"గిడ్డంగులేం చూడనండి. ఇది విహారయాత్రండి. మా ఆవిడని..."

"మరి ఆకస్మికం అని ఎందుకు రాశావు? ఆకస్మికం ఎవరికి?"

"మా ఆవిడకండి."

"అలా చెప్పు! అంటే తనిఖీకి గురయ్యే పక్షం మీ ఆవిడ." పరాంకుశరావు తృప్తిగా ఫైలు మీద ఏదో గీసుకున్నాడు. "ఆవిడకి ముందస్తు సమాచారం లేదని ఋజువేదీ?"

"నేను చెప్పలేదండి."

"నువ్వు చెప్పలేదనడానికి నువ్వే సాక్షివా? దొంగ తన చేతికి తనే జామీను ఉంటానన్నట్టుంది. నాకు తెలియదని ఆవిడే రాసివ్వాలి."

"రాసివ్వాలంటే ఆవిడకి చెప్పాలి కదండీ?"

"చెప్పకూడదు!" పరాంకుశరావు కుర్చీలోంచి సగం లేచాడు. "చెబితే ముందస్తు సమాచారం అయిపోదూ? చెప్పకుండానే రాయించుకోవాలి. ఇరవై రెండేళ్ళుగా తనిఖీలు చేస్తున్నాను, నాకు నేర్పుతావా? విభాగం చూసుకుంటుంది, నువ్వు నిశ్చింతగా ఉండు."

వద్దు, ఈ అర్జీ వెనక్కి తీసుకుంటానని కామేశ్వర్రావు నాలిక చివరిదాకా వచ్చింది. కానీ అలవాటైన నోరు కదా, "చిత్తమండి" అనేసింది.

ఆ గురువారం పొద్దున ఎనిమిదింటికి తనిఖీల విభాగం ఇన్‌స్పెక్టర్ చిట్టిబాబు సంచి భుజాన వేసుకుని పవరుపేటలో కామేశ్వర్రావు ఇంటికొచ్చాడు. కామేశ్వర్రావు గేటు దగ్గరే ఎదురెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"బాబ్బాబు, ఊరి పేరు మాత్రం చదవకు. నీకు పుణ్యముంటుంది."

"నా చేతుల్లో ఏముందండీ? అచ్చువేసిన నమూనా. చదివి వినిపించితిని అని కింద నేను సంతకం పెట్టాలి. చదవకుండా పెడితే నా ఉద్యోగం ఊడుతుంది."

తాయారు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. చిట్టిబాబు కుర్చీ చివర కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, మీకు తెలియని సంగతి ఒకటి చదువుతాను. తెలియదని సంతకం పెట్టాలి, అంతే. 'ఏలూరు పవరుపేట వాస్తవ్యురాలనైన నేను, మంగతాయారు, రాసి ఇచ్చు ధ్రువీకరణ. నా భర్తగారు మా పెళ్ళినాటి పాతికేళ్ళ పండుగ సందర్భముగా డిసెంబరు పదకొండవ తేదీ ఉదయం ఆరు గంటల విమానములో నన్ను శ్రీలంక దేశమునకు, అందు కొలంబో నగరమునకు, సముద్రము కనిపించు కిటికీ గల వసతి గృహమునకు తీసుకొని వెళ్ళుచున్నారన్న విషయము నాకు ఏమాత్రమూ తెలియదనియు, ఎవ్వరూ నాకు చెప్పియుండలేదనియు...'"

తాయారు చిట్టిబాబు కేసి చూడలేదు. మొగుడికేసి చూసింది. ఎండబెట్టిన వడియాల మీద వాన కురిసినప్పుడు మనుషుల మొహాలు ఎలా ఉంటాయో అలా ఉంది ఆయన మొహం.

"తెలీదండి," అంది. "ఎక్కడ పెట్టమంటారు సంతకం?"

"మనస్ఫూర్తిగా తెలియదా అమ్మా? అది కూడా అడగాలి."

"మనస్ఫూర్తిగానే తెలీదు."

చిట్టిబాబు సంతకం పెట్టించుకుని, కాఫీ తాగి, చాలా బాగుందని చెప్పి వెళ్ళిపోయాడు. కామేశ్వర్రావు అరుగు మీద కూలబడ్డాడు. తాయారు తలుపు దాకా వచ్చింది.

"ఆ అబ్బాయి ఏదో చదివాడు గానీ, నాకొక్క ముక్క వినబడలేదండీ," అంది. "అప్పుడే మిక్సీ వేసి వచ్చానేమో, చెవులు గుయ్యిమంటున్నాయి."

మిక్సీ పాడై నెల్లాళ్ళయింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కామేశ్వర్రావు తలెత్తి ఆవిడకేసి చూశాడు.

"నిజంగా వినబడలేదా?"

"మీ మీద ఒట్టు. అయినా నాకెందుకండీ ఆఫీసు గొడవలు? రండి, ఉప్మా చల్లారిపోతుంది."

ఇక్కడితో ఆగినా బాగుండేది. అతను ఏమీ చెప్పలేదు, ఆవిడ ఏమీ వినలేదు, ఎలాగో నెట్టుకొచ్చేవారు. కానీ మండలి పని అంత తేలిగ్గా ఆగేది కాదు. వారం తిరక్కుండా కామేశ్వర్రావు బల్ల మీదకి మెమో వచ్చింది. పదకోశంలో మెమోని 'జ్ఞాపిక' అంటారు. దాన్ని మూడుసార్లు చదివాడు. తర్వాత నీళ్ళు తాగి మళ్ళీ చదివాడు.

'సదరు శ్రీమతి మంగతాయారు సమర్పించిన ధ్రువీకరణ పత్రమును విభాగము కూలంకషముగా పరిశీలించినది. ఆమెకు యాత్ర గురించి తెలియదన్న విషయము తృప్తికరముగా ఋజువైనది. అయితే, తనకు తెలియని విషయములను ఆమె చదివించుకుని విని సంతకము చేసియున్నందున, సంతకము చేసిన క్షణము నుండి ఆమె ముందస్తు సమాచారము గల భార్య అయినది. అట్టి భార్యతో ఆకస్మిక యాత్ర నిబంధనలకు విరుద్ధము. కావున ఆమె స్థానములో ముందస్తు సమాచారము లేని మరియొక భార్యను ఏడు దినముల లోగా ప్రతిపాదించవలసినది. లేనియెడల ఆ మేరకు కారణములు తెలుపవలసినది.'

కాగితం పట్టుకుని జోగారావు దగ్గరికి పరిగెత్తాడు. జోగారావు కళ్ళజోడు ఎత్తి, దించి, కాగితం చదివాడు.

"ఇందులో మరీ కంగారు పడాల్సిందేం లేదోయ్," అన్నాడు. "మంజూరు చెయ్యం అన్లేదు కదా, మార్పు అడిగారు. కాగితం మీద పేరేగా."

"భార్యండీ, జోగారావు గారూ!"

"నేను కాదన్నానా? తాత్కాలిక ప్రాతిపదిక మీద పెట్టు. యాత్ర మేరకే. వచ్చాక రద్దు చేసేద్దాం. పోయినేడు గుమస్తా విషయంలో అలాగే చెయ్యలేదూ?"

కామేశ్వర్రావు కుర్చీలోకి వచ్చి పడ్డాడు. పక్క సెక్షన్ల వాళ్ళు కూడా మెమో సంగతి విని వచ్చారు. ఎవ్వరూ నవ్వలేదు. నవ్వితే బాగుండును, కాస్త ఊపిరాడేది. గడువు పెంచమని అడగమని ఒకరు సలహా ఇచ్చారు. భార్య అన్న పదానికి పదకోశంలో ఏముందో చూడమని ఇంకొకరు అన్నారు. ఒక పెద్దమనిషి మాత్రం, ఇదే మెమో తనకి వచ్చుంటే ఎంత బావుండేదో అన్నట్టు ఒక నిట్టూర్పు విడిచి వెళ్ళిపోయాడు.

కామేశ్వర్రావు ఇంట్లో నోరు విప్పలేదు. విప్పకపోతే ఏం, తాయారు రెండో రోజునే, "విచారణకి నన్ను కూడా పిలుస్తారా, ఆ గళ్ళ చీర కట్టుకోనా?" అని అడిగింది. పిలిచారు కూడాను.

డిసెంబరు తొమ్మిదిన విచారణ. పరాంకుశరావు గదిలో ఒక గోడ పొడుగునా మంచి సంచీ, చెడ్డ సంచీ వరసగా వేలాడదీసి ఉన్నాయి. బల్లకి అటు పరాంకుశరావు, ఆయన పక్కన చిట్టిబాబు, జోగారావు. ఇటు కామేశ్వర్రావు. అతనికి రెండడుగుల వెనక, తలుపు దగ్గర తాయారు. ఆవిడకి కుర్చీ వెయ్యలేదు. తనిఖీకి గురయ్యే పక్షం నించోవాలని నిబంధన ఉందట.

"అమ్మా, ఈ యాత్ర గురించి మీకు తెలుసా, తెలియదా?"

"తెలీదండి."

"చిట్టిబాబు మీ ఎదుట చదివాడు కదా?"

"చదివారండి. కానీ మర్చిపోయానండి."

పరాంకుశరావు కళ్ళు మెరిశాయి. దారి దొరికిందనుకున్నాడు. "మరచిపోయినట్లు ప్రభుత్వ వైద్యుని ధ్రువపత్రం తెచ్చారా?"

"తెచ్చుకోవడం మర్చిపోయానండి."

చిట్టిబాబు దగ్గుతూ కిందికి చూశాడు. పరాంకుశరావు మాత్రం ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకుని, కలం మూతపెట్టి కామేశ్వర్రావు కేసి తిరిగాడు.

"చూడవయ్యా. విభాగం చాలా ఉదారంగా వ్యవహరిస్తోంది. ఈవిడ మంచి భార్యే కావచ్చు, ఆ విషయమై విభాగానికి భిన్నాభిప్రాయం లేదు. ఒక్క ముందస్తు సమాచారం దగ్గరే వచ్చింది లోపం. ఇంకో పేరు సూచించు. తిరిగొచ్చిన మర్నాడే ఈవిణ్ణి యథాస్థానంలో పునర్నియమించుకోవచ్చు. ఉత్తర్వులో ఆ మాట నేనే రాయిస్తాను. సరేనా?"

కామేశ్వర్రావు నోరు తెరిచాడు. అలవాటు చొప్పున 'చి' దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. గదిలో వాళ్ళందరూ మిగతా సగం కోసం చూస్తున్నారు.

"కాదండి," అన్నాడు.

"ఏమిటి కాదు?"

"కాదంటే కాదండి. మార్చను." ఆ గొంతు ఎవరిదా అని అతనికే అనుమానమొచ్చింది. అయినా ఆగలేదు. "నాకు జ్వరమొస్తుందని నాకంటే ముందు ఈవిడకి తెలుస్తుందండి. నాకు ఆకలేసేలోగా కంచం పెట్టి ఉంటుంది. మా అమ్మ పోయినరోజు నేనింకా ఆఫీసులోనే ఉన్నాను, నాతో ఎవరూ చెప్పకముందే ఈవిడ గేటు దగ్గరకొచ్చి నించుంది, నన్ను పట్టుకోడానికి. అన్నీ ముందే తెలుసండి ఈవిడకి. తెలుసు కాబట్టే నేను ఇన్నాళ్ళు బతికున్నాను. ఈవిణ్ణి తీసేసి ఏమీ తెలియని మనిషిని తెచ్చుకోమంటారా? మీకు బుద్ధుందా అండీ? సర్‌ప్రైజు! రాసుకోండి, సర్‌ప్రైజు, సర్‌ప్రైజు, మూడుసార్లన్నాను! మా ఆవిణ్ణి సర్‌ప్రైజు చేద్దామనుకున్నాను, అంతే. అది తప్పయితే నా ఉద్యోగం తీసెయ్యండి. ఉద్యోగం మార్చుకుంటాను గానీ పెళ్ళాన్ని మార్చుకోనండి!"

ఆఖరి మాటకి బల్ల మీద చెయ్యి గట్టిగా పడింది. పదకోశం ఎగిరి కింద పడింది. వంగి తీద్దామని ఎవరికీ తోచలేదు.

కామేశ్వర్రావు ఆయాసపడుతూ పరాంకుశరావునే గుడ్లురిమి చూస్తున్నాడు. చిత్రమేమిటంటే పరాంకుశరావు అతనికేసి చూడటం లేదు. అతని భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడు. చిట్టిబాబూ అటే, జోగారావూ అటే. పరాంకుశరావు మెల్లగా కలం మూత తీశాడు. గోడ గడియారం చూశాడు. రెండు ముక్కలు రాశాడు, తలెత్తి మళ్ళీ చూశాడు, మళ్ళీ రాశాడు.

"పన్నెండూ పదిహేడు. చిట్టిబాబూ, నువ్వూ చూశావు కదా?"

"చూశానండి."

"పర్యవేక్షకులు గారూ?"

"కళ్ళారా చూశానండి," అన్నాడు జోగారావు. ఆయన ఎందుకో కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

"అయితే ముగ్గురం సంతకాలు పెడదాం."

"ఏం చూశారండీ?" అంటూ కామేశ్వర్రావు గిరుక్కున వెనక్కి తిరిగాడు. తాయారు కొంగు సవరించుకుని, ఎప్పుడూ ఉండే మొహంతో మామూలుగా నించుని ఉంది.

ఉత్తర్వు అక్కడికక్కడే చదివి వినిపించారు. 'అర్జీదారు కోరిన యాత్ర యొక్క ఉద్దేశ్యము తన భార్యకు ఆశ్చర్యము కలుగజేయుట. సదరు ఆశ్చర్యము ఈ దినము మధ్యాహ్నము పన్నెండు గంటల పదిహేడు నిమిషములకు ఈ కార్యాలయములోనే సంపూర్ణముగా కలిగినట్లు ముగ్గురు అధికారులు ప్రత్యక్షముగా గమనించియున్నారు. ఉద్దేశ్యము నెరవేరినందున యాత్ర అనవసరము. అనుమతి నిరాకరించడమైనది. దస్త్రము మూసివేయడమైనది.'

పరాంకుశరావు లేచి వచ్చి కామేశ్వర్రావుతో చెయ్యి కలిపాడు. తిట్టినందుకు ఆయనకి కోపమేమీ రాలేదు. "మా విభాగం పుట్టాక నిజంగా ముందస్తు సమాచారం లేకుండా జరిగింది ఇదొక్కటేనయ్యా. హెడ్డాఫీసుకి ప్రత్యేకంగా రాస్తాను," అన్నాడు. ఆ పొంగులో ఒక ఆంగ్లపదం వాడేశానన్న సంగతి కూడా ఆయన గమనించలేదు.

మెట్లు దిగుతూ కామేశ్వర్రావు భార్య చెయ్యి పట్టుకుని ఆపాడు.

"తాయారూ, ఇందాక ఏం చేశావు నువ్వు?"

"నేనేం చేశాను? నించున్నాను."

"మొహం ఎలా పెట్టావు?"

"నా మొహం నాకెలా కనిపిస్తుందండీ?"

"ఏదీ, ఇంకొక్కసారి పెట్టు. నా కోసం."

పాపం, ఆవిడ పెట్టడానికి ప్రయత్నించింది. ఎదురుగా బస్టాపులో ఉన్న నలుగురూ చూస్తుండగా కళ్ళు పెద్దవి చేసి, నోరు తెరిచింది. పన్నునొప్పి వచ్చినట్టుంది తప్ప మరోలా లేదు. ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వాడే గానీ కామేశ్వర్రావుకి లోపల ఏడుపొచ్చినంత పనైంది. పాతికేళ్ళు కాచుకున్నది తను, చూసింది ఆ ముగ్గురు! ఆ సమయానికి తను చూస్తున్నదేమో పరాంకుశరావు మొహం.

పెళ్ళిరోజు ఇంట్లోనే గడిచింది. తాయారు సేమ్యా పాయసం చేసింది. విచారణనాడు ఆవిడ మొహం ఎలా ఉందో చెప్పమని కామేశ్వర్రావు చిట్టిబాబుని బతిమాలాడు, జోగారావుకి కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఇద్దరూ ఒకటే మాట. "దస్త్రంలో ఉందండి. మూసిన దస్త్రం సంగతి నోటితో చెప్పకూడదు." గత్యంతరం లేక, తను పనిచేసే ఆఫీసుకి తనే, సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టుకున్నాడు. సరిగ్గా ముప్పయ్యో రోజున నకలు వచ్చింది. ముగ్గురి సంతకాలూ ఉన్నాయి, మండలి ముద్ర కూడా ఉంది.

'సదరు భార్య యొక్క ఆశ్చర్య వివరములు. కనులు మామూలు పరిమాణము కన్న రెట్టింపు అయినవి. నోరు తెరుచుకున్నది, తిరిగి మూయుటకు ఆమె ప్రయత్నించినట్లు కనబడలేదు. కుడిచేయి తనంతట తాను బుగ్గ మీదికి పోయినది. వ్యవధి, గోడ గడియారము ప్రకారము, పదకొండు సెకనులు. పిదప భర్త వీపు వైపు చూచుచు ఆమె కన్నీరు పెట్టుకుని నవ్వినది. అయితే ఇట్టిది తనిఖీ పరిధిలోనికి రానందున, ఈ విషయము నమోదు చేయలేదు.'

కామేశ్వర్రావు ఆ ఆఖరి వాక్యం దగ్గర ఆగిపోయాడు. వేలు పెట్టి మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు. ఆ వెంటనే రెండో అర్జీ రాశాడు. నమోదు చేయని ఆ విషయం యొక్క పూర్తి వివరములు ఇప్పించవలసినదిగా ప్రార్థన, అని.

దానికి ముప్పై రోజులు పట్టలేదు. మూడో రోజు సాయంత్రమే జవాబు బల్ల మీద పెట్టి వెళ్ళారు.

'తమరు కోరిన సమాచారము ఈ కార్యాలయమున లేదు. అది తమ ఇంటివద్దనే లభ్యమగుచున్నట్లు తెలియవచ్చుచున్నది. కావున, సాయంత్రము అయిదు గంటల అనంతరము, అచ్చటనే విచారించుకొనవలసినది.'

గోడ గడియారం నాలుగుంపావు చూపిస్తోంది. కామేశ్వర్రావు అయిదు దాకా ఆగలేదు.